పెలికన్స్ క్లబ్బు కుండమార్పిడి

మనుషుల్ని మార్చుకుంటారా ఎక్కడైనా? రైల్లో సీటు మార్చుకుంటాం, కొట్లో చీర మార్చుకుంటాం. తొంభై తొమ్మిదో సంవత్సరం ఏప్రిల్ నెలలో మెల్బోర్న్‌లోని ఒక పార్కులో సాసేజీలు కాల్చుకుంటూ ఇద్దరు పెద్దమనుషులు మా కహకషాన్‌ని ఇచ్చి ఇంకో పిల్లని తెచ్చుకుందామని నా ఎదుటే బేరం పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో పులిహోర గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏం చేసేదాన్నో.

మా కహకషాన్ అంటున్నాను గానీ ఆ పిల్ల నాకు పుట్టలేదు. హాపర్స్ క్రాసింగ్‌లో మా పక్కింటి తాహెరా కూతురు. గుంటూరు వాళ్ళు. తండ్రి నజీముద్దీన్, నేనూ ఒకే బ్యాంకులో వై టూ కే పని చేసేవాళ్ళం. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసి పారేసిన పాత ప్రోగ్రాములన్నీ వెతికి, నాలుగంకెలు చేయడం. డిసెంబరు ఆఖరుకి లోకం ఆగిపోతుందని అందరూ భయపడుతున్న రోజులు. మా తిండీ నిద్రా మాత్రం అప్పటికే ఆగిపోయాయి. నాది పర్మనెంటు ఉద్యోగం కాబట్టి ఆదివారం ఇంట్లో ఉండేదాన్ని. అతనిది కాంట్రాక్టు, ఆదివారమూ ఆఫీసే. తాహెరాకి కారు స్టీరింగ్ చూస్తేనే కాళ్ళు వణుకుతాయి. అందుకని కహకషాన్‌ని ఆటకి తీసుకెళ్ళే పని నా నెత్తిన పడింది.

ఆట అంటే బేస్‌బాల్. నాకు క్రికెట్ తప్ప ఏదీ ఆటలా కనిపించేది కాదు. మొదటి వారం కారులోనే కూర్చుని వారపత్రిక చదువుకున్నాను. రెండో వారం అద్దం దించి చూశాను. మూడో వారానికి కంచె పట్టుకుని అరుస్తున్నాను. ఆ సీజన్ ముగిసేలోగా నన్ను పెలికన్స్ ఆడపిల్లల జట్టుకి మేనేజర్ని చేసేశారు. మేనేజరంటే పెద్ద హోదా అనుకునేరు! ఫోన్లు చేయడం, నీళ్ళ డబ్బాలు మోయడం, అంపైర్‌తో పోట్లాడటం. మూడోది నాకు పుట్టుకతోనే వచ్చింది.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. మధ్యలో మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసిరేది పిచర్. బ్యాటు పట్టుకున్న మనిషి వెనక గొంతుక్కూర్చుని ఆ బంతి పట్టేది క్యాచర్. మన వికెట్ కీపర్‌లాంటిదే అనుకోండి. కాకపోతే ఏ బంతి వేయాలో వేళ్ళతో సైగ చేసి చెప్పేదీ, మైదానం మొత్తాన్ని నడిపేదీ ఆ క్యాచరే. ముఖానికి ఇనప ముసుగు, ఛాతీకి కవచం, మోకాళ్ళకి చిప్పలు. ఆ బరువంతా తగిలించుకుని రెండుమూడు గంటలు కూర్చుని లేస్తూ ఉండాలి. బ్యాటు పట్టినవాళ్ళు మూలల్లో ఉన్న మూడు బేసులూ చుట్టి మళ్ళీ క్యాచర్ ముందున్న ప్లేటు దగ్గరికి వస్తేనే ఒక పరుగు, దారిలో బంతి తాకిస్తే అవుట్.

మా కహకషాన్ క్యాచర్. ఆ పిల్ల కూర్చునే తీరు చూస్తే మా ఊళ్ళో వాకిట్లో ముగ్గేసే ఆడవాళ్ళు గుర్తొచ్చేవారు. అంత తేలిగ్గా కూర్చునేది. ఎదుటి జట్టు పిల్ల ఎవరైనా బేసు దొంగిలించడానికి, అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేసుకి, పరుగెత్తిందా, కూర్చున్నచోటినుంచే, మోకాళ్ళు నేల వదలకుండా, బంతి విసిరేది. అది పిచర్ తల పక్కనుంచి దూసుకుపోయి రెండో బేసు దగ్గర గ్లవ్‌లో పడేది. ఆ చప్పుడు విని అవతలి జట్టు కోచ్‌లు కూడా "ఓహ్!" అనేవారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇంట్లో గట్టిగా మాట్లాడదు. నేను తెలుగులో పదిమాటలంటే ఇంగ్లీషులో ఒక్కమాట బదులిస్తుంది. ఆ ముసుగు వేసుకుందంటే మాత్రం జట్టంతా ఆ పిల్ల చెప్పినట్టు వినాల్సిందే.

ఆ పిల్లకి ఒకటే కోరిక. విక్టోరియా రాష్ట్ర జట్టులో ఆడాలి. ఆ సంవత్సరమే ఆడాలి, ఎందుకంటే వచ్చే సంవత్సరం ఎక్కడుంటారో వాళ్ళకే తెలియదు. నజీముద్దీన్‌ని కంపెనీ హైదరాబాదునుంచి సిడ్నీ పంపింది, సిడ్నీనుంచి కాన్‌బెర్రా, కాన్‌బెర్రానుంచి మెల్బోర్న్. కొత్త సంవత్సరం రాగానే ఈ కాంట్రాక్టు అయిపోతుంది. ఆ తర్వాత పెర్త్ అంటారో, ఇంకేదైనా దేశం అంటారో. "ప్రతీ స్కూల్లో కొత్తగా మొదలుపెట్టాను ఆంటీ. ఒక్కసారి ఎక్కడైనా ఫినిష్ చేయాలి," అంది నాతో కారులో. ఆ పిల్ల నాతో మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

మా కోచ్ కెవ్‌కి డెబ్బై దాటాయి. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. బేస్‌బాల్ చరిత్ర అంతా ఆయన నోట్లోనే ఉండేది. అదీ గొప్ప గొప్ప ఆటగాళ్ళ కథలు కాదు. ఎవరిని ఎవరికిచ్చి మార్చుకున్నారు, ఏ జట్టు ఊరొదిలి ఏ ఊరికి పోయింది, అవే. అమెరికాలో ఒక క్లబ్బు ఒక క్యాచర్ని ఇచ్చి రేడియోలో కామెంటరీ చెప్పే మనిషిని తెచ్చుకుందట. రెండు క్లబ్బులు సీజన్ మధ్యలో మేనేజర్లనే మార్చేసుకున్నాయట. ఇంకొకాయన్ని "బదులుగా ఎవర్నిచ్చేదీ తర్వాత చెబుతాం" అని తీసుకుని, ఆడించి చూసి, ఆ బదులు కింద ఆయన్నే వెనక్కి పంపేశారట. "అంటే ఆయన్ని ఆయనకే మార్చారన్నమాట," అని కెవ్ పడీపడీ నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. కానీ ఏ పుస్తకం చూడకుండా ఆ వివరాలు చెబుతుంటే నోరు తెరుచుకుని వినాల్సి వచ్చేది. మనిషికి దేనిమీదైనా అంత ప్రేమ ఉండటం ఎంత బాగుంటుందో అనిపించేది.

ఆ సంవత్సరం మా జట్టే ఊరొదలాల్సి వచ్చింది. పాయింట్ కుక్‌లో, గడ్డి భూముల అంచున మా మైదానం. ఆ భూములన్నీ ఇళ్ళ స్థలాలకి పోయాయి. మార్చిలో వెళ్ళి చూస్తే మా మట్టిదిబ్బ మీద బుల్డోజర్ నిలబడి ఉంది. కెవ్ టోపీ తీశాడు. తర్వాత మరో కథ చెప్పాడు. సియాటిల్‌లో ఒక జట్టు ఒక్క సీజనే ఆడి దివాలా తీసిందట. సామాను లారీలు దారిలో ఆగిపోయి, సియాటిల్‌కి పోవాలా, కొత్త ఊరు మిల్వాకీకి పోవాలా అని కబురు కోసం కూర్చున్నాయట. చివరికి మిల్వాకీ అన్నారట. చొక్కాల మీద పాత పేరు పీకేసి కొత్త పేరు కుట్టుకుని ఆడారట. "ఆడారు కదా, షేషు. అదే ముఖ్యం," అన్నాడు నాతో. తాహెరా మా చొక్కాలన్నీ ఇంటికి తీసుకెళ్ళి పాయింట్ కుక్ అన్న అక్షరాల కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. పెలికన్స్ అన్న మాట మాత్రం ఉంచింది.

మాకు చోటిచ్చింది ఉత్తరాన క్రెయిగీబర్న్‌లోని గలాస్ క్లబ్బు. వాళ్ళ మైదానంలోనే మేమూ ఆడుకోవచ్చన్నారు. వాళ్ళ కోచ్ గ్రెగ్. ఎర్ర మొహం, పెద్ద గొంతు, చెడ్డవాడేం కాదు. ఆ ఒప్పందం కుదిరినందుకే పార్కులో బార్బీ, అంటే సాసేజీలు కాల్చుకునే బార్బెక్యూ విందు, పెట్టారు. అక్కడే ఈ మార్పిడి మాట వచ్చింది. మా పిచర్ పెళ్ళి చేసుకుని ఇంగ్లండు పోయింది. క్యాచర్‌గా సర్దుకోగల పిల్ల మాత్రం ఇంకొకరు ఉంది. వాళ్ళకి పిచర్లు ఇద్దరు, క్యాచర్ లేదు. వాళ్ళు ఇస్తామన్న పిచర్ ఎవరో కాదు, గ్రెగ్ సొంత కూతురు లియాన్. ఎడమచేతివాటం. ఇంట్లో నాన్న, మైదానంలోనూ నాన్నే అయితే నాకు ఊపిరాడటం లేదని ఆ పిల్లే గోల పెడుతోందట. కెవ్ కళ్ళు మెరిశాయి. జీవితమంతా ట్రేడ్‌ల గురించి మాట్లాడిన మనిషికి ఒక్కటి తన చేత్తో చేసే అవకాశం వచ్చింది మరి!

"ఏమ్మా, నీకిష్టమేనా?" అని కహకషాన్‌ని అడిగాను.

"నేను రోజూ క్యాచ్ చేస్తానా అక్కడ?"

"రోజూ," అన్నాడు గ్రెగ్. "ప్రతి గేమూ."

"దెన్ ఓకే, ఆంటీ."

నాకు ఓకే కాలేదు. "చూడండి," అన్నాను గిన్నె బల్లమీద పెట్టి. "మా వైపు దీన్ని కుండమార్పిడి అంటారు. ఈ ఇంటి పిల్లని ఆ ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి చేసుకుంటారు. దానికొక రూలుంది. మా పిల్లని మీ ఇంట్లో సరిగ్గా చూడకపోతే, మీ పిల్లకి మా ఇంట్లో చోటుండదు. మా పిల్ల బెంచీ మీద కూర్చుంటే మీ పిల్లా కూర్చుంటుంది. ఇష్టమైతే చెయ్యి కలపండి, లేదంటే సాసేజీలు తిని ఇంటికి పోండి."

కెవ్ ఆ మాటకి ఎంత మురిసిపోయాడని! ఇన్నేళ్ళలో ఇలాంటి షరతు వినలేదన్నాడు. "కుండా, కుండా," అంటూ గ్రెగ్ పగలబడి నవ్వి నా చేతిలో చెయ్యి వేశాడు. పక్కనే నిలబడి పులిహోర తింటున్న లియాన్ మాత్రం నవ్వలేదు. "గుడ్ రూల్," అంది.

లియాన్ గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. ప్లంబింగ్ పని నేర్చుకుంటున్న పిల్ల. వారమంతా గొట్టాలు బిగించి, ఆదివారం వచ్చి ఆ ఎడమచేత్తోనే బంతి విసిరేది. దాని బంతి వస్తూ వస్తూ చివర్లో మనసు మార్చుకున్నట్టు కిందకి జారిపోయేది. బ్యాటర్లు గాలిని కొట్టి బిక్కమొహం వేసేవారు. జట్టులో కొత్త పిల్లలు క్యాచ్ వదిలేస్తే ఎవరికంటే ముందు తనే వెళ్ళి వీపు తట్టేది. నన్ను మొదటిరోజునుంచే ఆంటీ అంది. ఏప్రిల్, మే, జూన్ మేం వరసగా గెలిచాం. అటు గలాస్ కూడా గెలిచింది, ఎందుకంటే అక్కడ ప్లేటు వెనక మా కహకషాన్ ఉంది. నేను ఉదయం మా జట్టు ఆట చూసి, మధ్యాహ్నం వాళ్ళ ఆట చూసేదాన్ని. మా ఆయన ద్వారకానాథ్ ఆస్పత్రి డ్యూటీనుంచి ఇంటికొస్తే అన్నం ఉండేది, నేను ఉండేదాన్ని కాదు.

జులైలో వచ్చింది తంటా. గలాస్ క్లబ్బుకి స్పాన్సర్ ఒక టైల్స్ వ్యాపారి. వాళ్ళ క్లబ్‌రూమ్ నేల, గోడలు అన్నీ ఆయన పుణ్యమే. ఆయన కూతురు ఏడాదిగా లండన్‌లో ఉండి తిరిగొచ్చింది. ఆ పిల్లా క్యాచరే. ఆ ఆదివారం నేను మధ్యాహ్నం వెళ్ళేసరికి ప్లేటు వెనక ఆ పిల్ల కూర్చుని ఉంది. కహకషాన్ బెంచీ చివర, ముసుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కవచం, మోకాలి చిప్పలు అన్నీ తగిలించుకునే ఉంది, ఏ క్షణమైనా పిలుస్తారేమోనని. పిలవలేదు. మరుసటివారం కూడా పిలవలేదు. సీజన్ సగం దాటాక క్లబ్బు మారకూడదని లీగ్ రూలు, కాబట్టి వెనక్కి తెచ్చుకోవడానికీ లేదు. ఫైనల్ రోజున రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తారని అప్పటికే కబురొచ్చింది. ఆడని పిల్లని వాళ్ళేం చూస్తారు?

నేను తిన్నగా గ్రెగ్ దగ్గరికి పోయాను. "చేతిలో చెయ్యి వేశావు, గుర్తుందా?"

"షేషు, అది బార్బీ దగ్గర సరదాకన్న మాట," అన్నాడు, నా మొహం చూడకుండా.

"సరదాకా! మీ సరదా తగలెయ్య! ఆ పిల్ల చలిలో కవచం తగిలించుకుని కూర్చోవడం నీకు సరదాగా ఉందా?"

"నా చేతుల్లో ఏముంది చెప్పు?" అన్నాడు. నిజానికి ఆయన మొహం కూడా ఏం బాగాలేదు. కానీ నేను జాలిపడే స్థితిలో లేను.

కెవ్‌తో చెబితే ఆయన మరీ నీరుగారిపోయాడు. "ఇన్నేళ్ళలో నేను ఒక్క ఛాంపియన్‌షిప్ జెండా గెలవలేదు, షేషు. లియాన్‌ని కూర్చోబెట్టమని మాత్రం అడక్కు," అన్నాడు చిన్నగా. అడగాలని నాకూ లేదు. నోటితో షరతు పెట్టాను గానీ, ఆ షరతు అమలైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక లియాన్ నా కారులో ఎక్కింది. రింగ్ రోడ్డు ఎక్కామో లేదో, "ఆంటీ, కుండ రూలు నిజంగా ఉందా?" అంది.

"ఉంది. మా అత్త విద్యావతి, మా నాన్న చెల్లెలు. ఆవిణ్ణి ఒక ఇంటికిచ్చి, ఆ ఇంటి పిల్ల సుగుణని మా బాబాయికి చేసుకున్నారు. మా బాబాయికి ముక్కుమీద కోపం. ఏదో కూర మాడిందనో ఏదో, సుగుణ పిన్నిని పుట్టింటికి పంపేశాడు. వారం తిరక్కుండానే అక్కణ్ణుంచి మా అత్తని చంటిపిల్లతో సహా బస్సెక్కించారు. మా అత్తకీ మావయ్యకీ మధ్య ఒక్క మాట పట్టింపు లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని, చీర చెంగులో మొహం పెట్టుకుని ఏడవడం నేను చూశాను."

"మీ అత్త వెళ్ళనని చెప్పలేదా?"

"ఆవిణ్ణి అడిగిందెవరు తల్లీ? వీళ్ళు పంపారు, వాళ్ళు దించుకున్నారు. మా బాబాయి బుద్ధి తెచ్చుకుని పిన్నిని పిలుచుకొచ్చాక, అటునుంచి కబురొస్తే మళ్ళీ బస్సెక్కింది. అందుకే చెబుతున్నా, ఆ మాట మర్చిపో. నువ్వు హాయిగా ఆడుకో."

లియాన్ కిటికీలోంచి చూస్తూ ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చుంది.

ఫైనల్‌కి వచ్చింది మా పెలికన్సూ, వాళ్ళ గలాసూ. ఆగస్టు ఆఖరి ఆదివారం, అక్కడ చలికాలం. క్రెయిగీబర్న్‌లో గాలి అంటే గాలి కాదు, చెవులు తెగిపోతాయి. తాహెరా మొదటిసారి ఆట చూడటానికి వచ్చింది. శాలువా కప్పుకుని నా పక్కన కూర్చుంది. "అక్కా, మా పిల్ల ఆడదంటగా ఇయ్యాల. మరి నన్నెందుకు రమ్మంది?" అంది. "రాత్రంతా మోకాళ్ళ బిళ్ళలు తుడుచుకుంటా కూచుంది."

కంచె పక్కన ముగ్గురు సెలెక్టర్లు రాష్ట్ర జట్టు కోట్లు తొడుక్కుని ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నారు. గలాస్ క్యాచర్‌గా పేరిచ్చింది టైల్స్ వ్యాపారి కూతురిదే. బెంచీ చివర మా కహకషాన్, పూర్తి వేషంతో.

లియాన్ మట్టిదిబ్బ ఎక్కింది. వేడెక్కడానికి నాలుగైదు బంతులు విసిరింది. అంపైర్ "ప్లే!" అన్నాడు. లియాన్ బంతిని నెమ్మదిగా దిబ్బ మీద పెట్టింది. గ్లవ్ తీసి చంకలో పెట్టుకుంది. నడుచుకుంటూ వచ్చి మా బెంచీ చివర కూర్చుంది. అవతలి బెంచీలో కహకషాన్ ఎక్కడ కూర్చుందో, సరిగ్గా దానికి ఎదురుగా.

కెవ్ ఆకాశంవైపు చూశాడు. "అమ్మాయ్, ఏమైంది?" అన్నాడు.

"కహకషాన్ కూర్చుంది. నేనూ కూర్చున్నాను," అంది లియాన్. "మా నాన్న చెయ్యి కలిపాడు. నేను పక్కనే ఉన్నాను."

గ్రెగ్ మైదానం అడ్డంగా దాటి పరుగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా నీకు? సెలెక్టర్లు నీకోసం కూడా వచ్చారు! నీ మూడేళ్ళ కష్టం!"

"తెలుసు, డాడ్."

ఆ క్షణంలో నాకు గెలుపూ లేదు, పంతమూ లేదు. నేను వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. "లే తల్లీ. నా మాట విను. ఆ దిక్కుమాలిన రూలు పెట్టింది నేనే, ఇప్పుడు తీసేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య నువ్వు నలిగిపోకూడదు. వెళ్ళి బంతి వెయ్యి."

లియాన్ నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు. "మీ అత్తని పంపించారు, ఆంటీ. నన్నెవరూ పంపలేదు. నేనే వచ్చి కూర్చున్నాను," అంది.

ఇరవై ఏళ్ళ పిల్ల! మా వంశంలో ఇంతమంది పెద్దవాళ్ళు ఎన్నాళ్ళో పట్టుకుని వేలాడిన ఆచారాన్ని ఒక్క మాటతో తిరగేసి చూపించింది. మేం దాన్ని ఆడపిల్లల్ని బెదిరించడానికి వాడుకున్నాం. ఆ పిల్ల దాంట్లోంచి న్యాయం ఒక్కటే ఏరుకుంది.

అంపైర్ గడియారం చూసుకుంటున్నాడు. గ్రెగ్ ఒకసారి కూతుర్ని చూశాడు, ఒకసారి సెలెక్టర్లని చూశాడు. టైల్స్ వ్యాపారి కుర్చీలోంచి లేచి ఏదో అరుస్తున్నాడు. గ్రెగ్ ఆయనవైపు చూడలేదు. తన బెంచీ దగ్గరికి నడిచి, కహకషాన్ ముందు ఆగాడు. "మాస్క్ వేసుకో," అన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి మాకు వినిపించనంత చిన్నగా అన్నాడు. మేం పెదవులు చూసి తెలుసుకున్నాం. తాహెరా నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది.

అయితే ఈ గొడవంతా తేలేసరికి చాలాసేపయింది. ఆ గాలిలో అంతసేపు కూర్చున్న లియాన్ చెయ్యి బిగుసుకుపోయింది. పిచర్‌కి చెయ్యి చల్లబడితే ఇక అంతే. మొదటి ఇన్నింగ్స్‌లో దాని బంతులు జారలేదు, తిన్నగా బ్యాటు మీదికి వెళ్ళాయి. గలాస్‌కి రెండు పరుగులు అప్పనంగా వచ్చేశాయి. సెలెక్టర్లు ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత లియాన్ పుంజుకుంది, ఇంకొక్క పరుగు ఇవ్వలేదు. కానీ ఆ రెండూ రెండే.

ఇక కహకషాన్ ఆట! నెలన్నర కూర్చోబెట్టిన పిల్ల అలా ఆడుతుందని ఎవరనుకుంటారు? మా పిల్లలు బేసు దొంగిలించడానికి పరుగెత్తితే కూర్చున్నచోటినుంచే కొట్టి పడేసింది. ఒకసారి కాదు, పరుగెత్తిన ప్రతిసారీ. కాసేపటికి మా వాళ్ళు పరుగెత్తడమే మానేశారు. గలాస్ పిచర్ తడబడితే లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పి వచ్చేది, ఆ పిల్ల సర్దుకునేది. మా జట్టు ఓడిపోతుంటే నేను సిగ్గులేకుండా చప్పట్లు కొడుతున్నాను. "షేషు, నువ్వు మా మేనేజరువి," అని గుర్తుచేశాడు కెవ్. "నోరు మూసుకుని చూడు," అన్నాను.

చివరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. మూడో బేసు మీద మా పిల్ల ఉంది. అది లియానే. ఇంటికి, అంటే ప్లేటు దగ్గరికి, వస్తే సమం. మా బ్యాటర్ బంతిని చాలా దూరం కొట్టింది. అవతలివాళ్ళు దాన్ని గాలిలో పట్టడంతో రెండో అవుట్ పడింది, మూడోది పడితే ఆట సరి. కానీ బంతి పట్టాక బేసు మీదున్నవాళ్ళు పరుగెత్తొచ్చు, అందుకని వాళ్ళు బంతిని ప్లేటువైపు విసిరారు. లియాన్ తల దించుకుని ప్లేటువైపు దూసుకొచ్చింది. బంతి నేలకి తగిలి పక్కకి పోయింది. కహకషాన్ ఒళ్ళంతా సాచి దాన్ని పట్టుకుని, అదే ఊపున తిరిగి, జారుకుంటూ వచ్చిన లియాన్ కాలికి తాకించింది. ఇద్దరూ కలిసి దుమ్ములో పడ్డారు. అంపైర్ వంగి చూశాడు. కహకషాన్ పడుకునే గ్లవ్ పైకెత్తింది. బంతి అందులోనే ఉంది.

"అవుట్!"

నేను ఎగిరి గంతేశాను. మా జట్టు ఫైనల్ ఓడిపోయింది, నేను గొంతు చించుకుని కేకలేస్తున్నాను. కింద దుమ్ములో లియాన్ వెల్లకిలా పడుకుని నవ్వుతోంది. కహకషాన్ ముసుగు తీసి, చెయ్యి అందించి లేపింది.

కెవ్‌కి జెండా రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "నేనింతవరకు చెప్పిన ట్రేడ్‌లన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు, షేషు," అన్నాడు. "దీన్ని ఏ పుస్తకంలోనూ రాయరు. అయినా నేను చచ్చేదాకా చెబుతాను."

టైల్స్ క్లబ్‌రూమ్‌లో సెలెక్టర్లు పేర్లు చదివారు. క్యాచర్ల దగ్గర కహకషాన్ పేరు వచ్చింది. ఆ సెలెక్టరమ్మ పలకలేక తంటాలు పడుతుంటే జట్లు రెండూ కలిసి అరిచి చెప్పాయి. పిచర్ల దగ్గర లియాన్ పేరు రాలేదు. మొదటి ఇన్నింగ్స్ చూశాక ఆ చేతిని నమ్మలేకపోయామని ఆవిడ తర్వాత మర్యాదగానే చెప్పింది. లియాన్ తల ఊపింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతూనే ఉంది. నాకు ఎక్కడో దాక్కోవాలనిపించింది.

కహకషాన్ తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తాహెరా కూతురి తల నిమిరి, పక్కకి జరిపి, నేరుగా లియాన్ దగ్గరికి నడిచింది. ఆమెకి ఇంగ్లీషు అంతంతమాత్రం, లియాన్‌కి తెలుగు రాదు. తాహెరా ఆ పిల్ల ఎడమచెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"అయ్యో, మంచులాగుంది అక్కా ఈ చెయ్యి," అని నావైపు తిరిగి అంది. తర్వాత శాలువా తీసి ఆ చేతికి చుట్టింది. చుట్టి, పసిపిల్లకి చేసినట్టు రుద్దుతూ కూర్చుంది.

అప్పటిదాకా ఏడవని లియాన్ అప్పుడు ఏడ్చింది. గ్రెగ్ దూరంగా గోడకానుకుని చూస్తున్నాడు. కాసేపటికి వచ్చి కూతురి బ్యాగు ఎత్తి భుజాన వేసుకున్నాడు. "నేను వచ్చే ఏడూ పెలికన్సే, డాడ్," అంది లియాన్ ముక్కు చీదుకుంటూ. "తెలుసమ్మా," అన్నాడాయన. "కారుదాకా మోస్తానంతే." తాహెరా ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. చెయ్యి వెచ్చబడేదాకా ఆయన బ్యాగు మోసుకుని అక్కడే నిలబడ్డాడు.